భయానికి కూలి

కొన్ని సినిమాలను విమర్శకులతో కలిసి చూడాలి. కొన్నింటిని లారీ తోలినవాళ్లతో కలిసి చూడాలి. హెన్రీ జార్జ్ క్లూజో 1953లో తీసిన ఫ్రెంచి సినిమా ‘ల సలేర్ ద లా పర్’ రెండో రకానిదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పేరును మన మాటల్లో చెప్పాలంటే ‘భయానికి కూలి’.

మొదటిసారి ఈ సినిమా చూసింది ఎనభైలలో. ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు కాలేజీ హాలులో వేశారు. కుర్రతనం. ఊపిరి బిగబట్టి చూసి, బయటికి వచ్చి టీ తాగుతూ, ‘అబ్బ, ఏం సస్పెన్సు’ అనుకున్నాం. సినిమా పుస్తకాలన్నీ అప్పటికి చెప్పిన మాటా అదే. రెండోసారి చూసింది ఇరవై ఏళ్ల తర్వాత, నామక్కల్‌లో మా మేనమామ ఇంట్లో, డీవీడీ మీద. మామ ముప్పై ఏళ్లకు పైగా లారీ తోలిన మనిషి. ఆయనకు ఫ్రెంచి రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు అందుకునేంత వేగంగా చదవలేడు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ వచ్చాను. బండి సంగతి వచ్చినప్పుడల్లా మాత్రం ఆయనే నాకు చెప్పాడు, సగం తెలుగులో, సగం అరవంలో. ఆ రాత్రి నేను చూసిన సినిమా మొదటిసారి చూసిన సినిమా కాదు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. లాటిన్ అమెరికాలో లాస్ పియెద్రాస్ అనే ఊరు. ఎండ, దుమ్ము, ఒక కంటీన్, ఒక విమానాల దిగుడు మైదానం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ చిక్కుకుపోయిన పరదేశులు ఉంటారు. ఫ్రెంచివాడు, ఇటలీవాడు, జర్మనీవాడు, ఇంకా ఎందరో. వచ్చేశారు గానీ పోవడానికి టిక్కెట్టు డబ్బులు లేవు. సంపాదించుకుందామంటే పని లేదు. ఆ ప్రాంతంలో పని ఇవ్వగలిగింది ఒక్క అమెరికన్ చమురు కంపెనీయే. 500 కిలోమీటర్ల దూరంలో ఆ కంపెనీ చమురు బావి ఒకటి అంటుకుంటుంది. ఆర్పాలంటే నైట్రోగ్లిజరిన్ కావాలి. దాన్ని మోసుకుపోవడానికి తగిన బండ్లు లేవు, మామూలు లారీలే ఉన్నాయి. మనిషికి 2000 డాలర్ల కూలి. నలుగురు ఎక్కుతారు, రెండు లారీలు బయలుదేరతాయి.

నైట్రోగ్లిజరిన్ గురించి రెండు మాటలు. 1846లో ఇటలీలో అస్కానియో సోబ్రెరో అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. నూనెలా ఉండే ద్రవం. నిప్పు అక్కర్లేదు, గట్టి కుదుపు చాలు పేలడానికి. దీన్ని ఒక రకం మెత్తటి మట్టిలో ఇంకించి, కుదుపుకు లొంగకుండా చేసినందుకే ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు 1867లో డైనమైట్ పేటెంటు, ఆ తర్వాత అంత ఆస్తి. చమురు బావి మంటను పేలుడుతో ఆర్పడం కట్టుకథ కాదు. మంట మొదట్లో పేలుడు జరిగితే ఆ దెబ్బకు గాలి, మంట ఒక్కసారి పక్కకు తోసుకుపోతాయి, దీపాన్ని ఉఫ్‌మని ఊదినట్టు. కాబట్టి క్లూజో ఎన్నుకున్న పరిస్థితి నిజమైనదే. సినిమాలో కంపెనీ మనిషి ఓబ్రియన్ ఈ సంగతిని ఉపన్యాసంతో చెప్పడు. డ్రైవర్ల ముందు నాలుగు చుక్కలు నేల మీదికి వదులుతాడు, ఢామ్మంటుంది. ఇక ఆ తర్వాత గంటన్నరపాటు రోడ్డు మీద ప్రతి గుంతా మనకు గుర్తుండిపోతుంది.

సినిమాకు మూలం జార్జ్ ఆర్నో 1950లో రాసిన నవల. ఫ్రాన్సులో జనం బాగా చదివిన పుస్తకం. రచయిత అసలు పేరు హెన్రీ జిరార్. ఈయన జీవితం నవలకంటే చిత్రమైనది. 1941లో తండ్రి, మేనత్త, పనిమనిషి ఒకే రాత్రి హత్యకు గురైతే నేరం ఈయన మీద పడింది. పంతొమ్మిది నెలలు జైలులో ఉండి, 1943లో నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత దేశం విడిచి దక్షిణ అమెరికా చేరి, దొరికిన పనల్లా చేశాడు, లారీ కూడా తోలాడు. తిరిగివచ్చి ఈ నవల రాశాడు. నవలలో ఊరు గ్వాటెమాలాలోదని ఉంటుంది. అయితే భూగోళపు ఖచ్చితత్వం తన పుస్తకంలో వెతకవద్దని రచయితే మొదట్లో చెప్పుకుంటాడు. ఆ మాట నాకు చాలా కాలం తప్పించుకోవడంగా తోచింది. ఇప్పుడు అలా తోచడం లేదు. ఊరు విడిచి బతికినవాడికి తాను ఉన్న చోటు పటంలో ఉండదు, మనసులో ఉంటుంది. అయితే అందులోనే ఒక ప్రమాదమూ ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

సినిమా దాదాపు రెండున్నర గంటలు. లారీలు కదిలేసరికి దగ్గర దగ్గర గంట అయిపోతుంది. ఎనభైలలో మా మిత్రబృందంలో ఒకాయన, ఆ మొదటి గంట కత్తిరించేస్తే సినిమా గొప్పగా ఉండేదన్నాడు. నేనూ తలూపాను. ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఆ తలూపుడుకు ప్రాయశ్చిత్తం. మొదటి గంట లేకపోతే మిగిలింది సర్కసు మాత్రమే.

ఆ గంటలో ఏముంది? మొట్టమొదటి దృశ్యంలో బట్టలు సరిగ్గా లేని ఒక పసివాడు మట్టిలో కూర్చుని, బొద్దింకలను దారంతో కట్టి ఆడుకుంటూ ఉంటాడు. అవి ఎటూ పోలేవు, ఒకదానినొకటి లాక్కుంటూ ఉంటాయి. తర్వాత గంటసేపు మనుషుల్ని అదే స్థితిలో చూపిస్తాడు దర్శకుడు. మారియో అనే యువకుడు, వేషం ఈవ్ మోఁతాన్‌ది, లుయీజీ అనే ఇటలీ తాపీమేస్త్రీ గదిలో ఉంటాడు. లుయీజీ మంచివాడు, నవ్వుతూ పని చేస్తాడు, వంట చేసి పెడతాడు. అతని ఊపిరితిత్తుల్లో సిమెంటు దుమ్ము పేరుకుపోయింది, ఈ పని మానకపోతే బతకవని డాక్టరు చెప్పేశాడు. మారియో గది గోడ మీద ఒక మెట్రో రైలు టిక్కెట్టు. పారిస్‌లో పిగాల్ స్టేషనుది. వాడిపోయిన ఆ కాగితం ముక్కే అతనికి దేశం.

అంతలో విమానంలోంచి తెల్ల సూటు వేసుకుని జో దిగుతాడు. వయసు మళ్లిన పారిస్ రౌడీ. మారియోకు అతనితో పరిచయమయ్యే తీరు చూడాలి. చదువు గురించి కాదు, గుణం గురించి కాదు, పారిస్ గురించి నాలుగు మాటలు. అంతే. ఆ క్షణం నుంచి లుయీజీ మారియోకు అక్కరలేదు. అన్నం పెట్టిన చేయి వేరే భాషది, కొత్తగా వచ్చినవాడి నోట్లో మాట తనది. మారియో మాటవైపు వెళ్తాడు.

ఇక్కడ నేను డీవీడీ ఆపి మామకు వివరించబోయాను. మామ చెయ్యి ఊపాడు. “తెలుసులేరా. బాంబాయిలో నాకూ అట్లే అయింది” అన్నాడు. అక్కడ లోడు దించి తిరుగు లోడు కోసం నాలుగు రోజులు కాచుకుని ఉండగా ఎవరో తెలుగులో పలకరించారట. ఆనందం పట్టలేక భోజనం పెట్టించి, చేబదులు కూడా ఇచ్చాడట. “డబ్బులు పోయినాయి. మాట మట్టుకు బాగుండె” అని నవ్వాడు.

మనకు ఇది కొత్తగా చెప్పక్కరలేని సంగతి. రైల్లోనో బస్సులోనో వెనక సీటు నుంచి తెలుగు వినపడితే మనం తిరిగి చూడకుండా ఉండలేం. ఆ తిరిగి చూడడంలో ప్రేమ ఉంది, దాంతోపాటు ఒక గుడ్డితనమూ ఉంది. సొంత భాష మాట్లాడేవాడు సొంత మనిషే అయి ఉంటాడన్న నమ్మకం అది. క్లూజో ఆ నమ్మకాన్ని ఎగతాళి చెయ్యడు, దాన్ని చివరిదాకా తీసుకుపోయి ఏం మిగులుతుందో చూపిస్తాడు. భాషాభిమానం గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన సినిమా నాకు మరొకటి తెలియదు. దీన్ని కేవలం సస్పెన్సు సినిమా అనడం అందుకే నాకు బాధ.

ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో కనిపెడుతూ చూస్తే ఈ సినిమా ఇంకా విప్పుకుంటుంది. ఊరివాళ్లది స్పానిష్. కంపెనీది ఇంగ్లీషు. మారియో, జో తమలో తాము ఫ్రెంచి. లుయీజీకి కోపం వచ్చినా సంతోషం వచ్చినా ఇటాలియన్. బింబా అనేవాడు జర్మనీ దేశస్థుడు, అతని తండ్రిని నాజీలు ఉరితీశారు, తాను ఉప్పు గనుల్లో చాకిరీ చేశాడు. అతను అన్ని భాషలూ తక్కువగానే మాట్లాడతాడు. ఉద్యోగం కావాలంటే అందరూ కంపెనీ భాషలోకి మారాలి. కూలి డాలర్లలో, భయం మాత్రం ఎవరి భాషలో వాళ్లకు.

నటుల సంగతి తెలిస్తే ఇది ఇంకా లోతుగా కనిపిస్తుంది. పారిస్ టిక్కెట్టును దాచుకునే మారియో వేషం వేసిన మోఁతాన్ పుట్టింది ఇటలీలో, అసలు పేరు ఈవో లీవి. ముస్సోలినీ ఫాసిస్టుల బాధ పడలేక వాళ్ల కుటుంబం మార్సే చేరింది. బింబా వేషధారి పీటర్ వాన్ ఐక్ జర్మనీలో పుట్టి అమెరికా చేరినవాడు. ఊరి పిల్ల లిండాగా నటించిన వేరా బ్రెజిల్ మనిషి, దర్శకుడి భార్య. చిత్రీకరణ జరిగింది లాటిన్ అమెరికాలో కానే కాదు, దక్షిణ ఫ్రాన్సులో. లాస్ పియెద్రాస్ ఊరి సెట్టు వేసింది సాలియే అనేచోట. 1942లో విషీ ప్రభుత్వం జిప్సీ కుటుంబాలను నిర్బంధించి ఉంచిన శిబిరం అక్కడే ఉండేది. ఎటూ పోలేని మనుషుల కథను, ఎటూ పోనివ్వకుండా మనుషుల్ని కట్టిపడేసిన నేల మీద తీశారన్నమాట. సినిమాలో దాని ఊసు ఎక్కడా లేదు. తెలిశాక మాత్రం ఆ దుమ్మును మామూలు దుమ్ముగా చూడలేం. చిత్రీకరణ 1951లో మొదలై, వానలవల్ల ఆగిపోయి, 1952లో గానీ పూర్తి కాలేదు.

ఇక లారీలు. ఇక్కడినుంచి మామ నిటారుగా కూర్చున్నాడు.

మొదటి గండం ఒక గరుకు రోడ్డు. రోడ్డంతా బట్టలుతికే బల్లలా అలలు అలలుగా ఉంటుంది. నెమ్మదిగా, అంటే నత్తలా పోవాలి, లేదా బాగా వేగంగా పోవాలి. నడిమి వేగంతో పోతే అదురుకు సరుకు పేలుతుంది. ఇది సినిమా కోసం పుట్టించిన లెక్క అని నేను అనుకున్నాను. మామ ఒప్పుకోలేదు. “నిజమేరా. స్పీడెక్కితే చక్రం అల మీదనుంచి అల మీదికి పోతుంది, గుంతలోకి దిగదు. కానీ ఒకసారి స్పీడెక్కినాక కాలు తియ్యకూడదు” అన్నాడు. ఎక్కడా తగ్గడానికి లేని వేగం, ఎక్కడా పెంచడానికి లేని నిదానం. ఆ ఇద్దరు ఇద్దరు మనుషుల గుణాలు కూడా అంతే. దర్శకుడు రోడ్డుతోనే పాత్రలు రాశాడు.

రెండో గండం కొండ మలుపు. మలుపు తిరగాలంటే లారీని వెనక్కి నడిపి, లోయమీదికి పొడుచుకువచ్చిన చెక్క వేదిక మీదికి ఎక్కించాలి. ఆ చెక్కలు కుళ్లిపోయి ఉంటాయి. నామక్కల్‌కు దగ్గరలోనే కొల్లి మలై ఉంది, ఆ ఘాట్ రోడ్డుకు 70 హెయిర్‌పిన్ మలుపులు. మామకు అవన్నీ కంఠస్థం. ఆయన చెక్కల గురించి ఏమీ అనలేదు. జో గురించి అన్నాడు. వెనక నిలబడి దారి చూపాల్సిన జో భయపడి పారిపోతాడు. “రివర్సులో పోయేటప్పుడు డ్రైవరుకు కళ్లుండవు. వెనక ఉండేవాని గొంతే కళ్లు. ఆ గొంతు ఆగిపోయిందంటే...” అని మామ ఊరుకున్నాడు. నేను అంతవరకు ఆ ఘట్టంలో చెక్కలు విరుగుతాయా లేదా అనే చూశాను. విరిగింది చెక్క కాదు. మారియో లుయీజీని వదులుకుని మరీ నమ్ముకున్న ఆ గొంతు.

జో పిరికితనం ఈ సినిమాకు గుండెకాయ. ఊళ్లో ఉండగా జో కంటీన్‌లో పాట ఆపించి, లుయీజీ ఎదురుతిరిగితే, పిస్తోలు వాడి చేతికే ఇచ్చి కాల్చమన్నవాడు. లుయీజీ కాల్చలేకపోయాడు. అందరి ముందూ లుయీజీ పిరికివాడయ్యాడు, జో మగాడయ్యాడు. రోడ్డు మీద ఇది తలకిందులవుతుంది. చనిపోబోతున్నానని ముందే తెలిసిన తాపీమేస్త్రీ పాట పాడుకుంటూ తోలతాడు, రౌడీకి చెమటలు పోస్తాయి. జో వేషం మొదట జాఁ గాబాఁకు ఇవ్వజూపితే, పిరికివాడిగా కనబడడం ఇష్టంలేక ఆయన కాదన్నాడని చెబుతారు. చివరకు వేసిన షార్ల్ వనెల్ అప్పటికి అరవై ఏళ్ల మనిషి, కాన్ చిత్రోత్సవంలో ఆయన నటనను ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆయన పిరికితనం నటించలేదు. చావు మీద ఊహ ఎక్కువగా ఉన్నవాడిని నటించాడు. తమ డబ్బులో సగం డ్రైవింగుకు, సగం భయపడినందుకు అన్న అర్థంలో జో ఒక మాట అంటాడు. సినిమా పేరు అక్కడ పూర్తవుతుంది. ఆ భయమంతా తానే పడ్డానని అతని లెక్క. ఒప్పుకోబుద్ధి కాదు, కానీ తప్పని చెప్పలేం.

దారిలో అడ్డంగా పడిన బండరాయిని బింబా పేల్చే ఘట్టం గురించి సినిమా పుస్తకాలు చాలా రాశాయి. నా మటుకు నేను దాని తర్వాత వచ్చే ఘట్టాన్నే గొప్పదంటాను. మారియో లారీలో జో సిగరెట్టు చుట్టుకుంటూ ఉంటాడు. కాగితంలోని పొగాకు ఉన్నట్టుండి ఎగిరిపోతుంది. గాలి. తర్వాత వెలుగు. ముందుపోతున్న లారీ పేలిపోయింది. లుయీజీని, బింబాను దర్శకుడు మనకు చూపించకుండానే చంపేశాడు. ఎందుకు పేలిందో, ఎవరి పొరపాటో చెప్పడు. ఆ ముందు బింబా గడ్డం గీసుకుంటూ ఉన్నాడు, శవమైనా శుభ్రంగా ఉండాలన్నది అతని పంతం. మామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అంతే. అట్లే అయితుంది” అన్నాడు. ఆయన తోటివాళ్లు ఎంతమంది రోడ్డు మీద పోయారో నేను అడగలేదు.

ఆ పేలుడుకు గొట్టం పగిలి, గుంత నిండా చమురు నిండుతుంది. లారీ దాన్ని దాటాలి. జో నడుం లోతు చమురులో ముందు నడుస్తూ దారి చూపుతాడు, జారి పడతాడు, కాలు చిక్కుకుంటుంది. లారీ ఆగితే కూరుకుపోతుంది. మారియో ఆపడు. జో కాలు మీదుగా చక్రం పోతుంది. నేను మామను చూశాను. ‘ఆపాల్సింది’ అంటాడనుకున్నాను. “ఆపితే ఇద్దరూ పోతారు. ఆపకపోతే వాడు బతికినన్ని దినాలూ చస్తాడు” అన్నాడు. తర్వాత మారియో జో తలను ఒళ్లో పెట్టుకుని, నిద్రపోకుండా పారిస్ వీధుల గురించి మాట్లాడిస్తూ తోలతాడు. ఒక వీధిలో ఒక చెక్కల కంచె ఉండేదని జో గుర్తు చేసుకుంటాడు. ఆ కంచె వెనక ఏముందో చిన్నప్పటినుంచీ తెలియలేదు. చచ్చిపోయే ముందు తెలిసిపోతుంది, వెనక ఏమీ లేదని. సొంత ఊరి మాటతో మొదలైన స్నేహం సొంత ఊరి కంచె దగ్గర ముగిసింది.

ఇప్పుడు ముగింపు. దీన్ని గురించే అందరూ తగవు పడతారు. మారియో ఒక్కడే గమ్యం చేరి, ఇద్దరి కూలీ కలిపి 4000 డాలర్లు తీసుకుని, ఖాళీ లారీలో తిరిగి వస్తాడు. రేడియోలో ‘బ్లూ డాన్యూబ్’ వాల్ట్జ్. అక్కడ కంటీన్‌లో అతను బతికాడని తెలిసి లిండా అదే పాటకు నాట్యం చేస్తూ ఉంటుంది. ఇక్కడ మారియో పాటకు తగినట్టు లారీని రోడ్డుకు ఈ పక్కకూ ఆ పక్కకూ ఊపుతాడు. లోయలో పడిపోతుంది. చేతిలో మెట్రో టిక్కెట్టు.

ఎనభైలలో మాకు ఇది దర్శకుడి దౌర్జన్యంలా తోచింది. అంత గండం దాటినవాణ్ని చివర్లో చంపడం అవసరమా? నిరాశను నమ్మకంగా కాక, అలవాటుగా చూపించాడని నేనే ఒకచోట మాట్లాడాను కూడా. మామకు మాత్రం అందులో ఆశ్చర్యమే కనపడలేదు. “లోడు బండి కంటే ఖాళీ బండికే భయపడాలిరా అల్లుడూ. లోడుంటే చక్రం నేలను పట్టుకుంటుంది. ఖాళీ బండి ఎగురుతుంది, బ్రేకు కొడితే వెనక జారుతుంది. ఇంకోటి, లోడుంటే మనిషికి భయముంటుంది. దించేసినాక భయముండదు. మావాళ్లు ఎక్కువమంది తిరుగు దారిలోనే పోయినారు” అన్నాడు. అది విన్నాక నా పాత మాట వెనక్కి తీసుకున్నాను. మారియోను చంపింది విధి కాదు, దర్శకుడూ కాదు. భయం దిగిపోవడం చంపింది. కూలి తీసుకున్నాక భయం ఎవరికి కావాలి? పేరులోనే ఉంది కథంతా.

అయినా ఒక ఫిర్యాదు మిగులుతుంది. లిండా నాట్యాన్ని, లారీ ఊపును మార్చి మార్చి చూపించడంలో దర్శకుడి వేళ్లు మనకు కనిపిస్తాయి. చావు తానుగా రాలేదు, పాట తాళానికి రప్పించారు. ఆ పొగాకు ఎగిరిపోయిన దృశ్యంలో ఉన్న నిగ్రహం ఇక్కడ లేదు. ఒకే సినిమాలో రెండు చావులకు రెండు రకాల నిజాయితీ ఉందని నా అభిప్రాయం.

పెద్ద ఫిర్యాదు ఇంకొకటి. ముందు చెప్పిన ప్రమాదం ఇదే. ఊరివాళ్లు ఏరి? బావి అంటుకున్నప్పుడు చచ్చిపోయినవాళ్లలో ఊరివాళ్లున్నారు. జనం గుమిగూడి కంపెనీ మీద కోపంగా అరిచే ఘట్టం ఒకటి ఉంది, చాలా బలమైన ఘట్టం. ఆ తర్వాత ఆ జనం సినిమాలోంచి జారుకుంటారు. కంపెనీ ఓబ్రియన్ ఈ పరదేశులనే ఎందుకు ఎన్నుకుంటాడు? వీళ్లకు యూనియన్ లేదు, కుటుంబం లేదు, చచ్చినా అడిగేవాడు లేడు. ఇంత స్పష్టంగా లెక్క చెప్పిన సినిమా, అడిగేవాళ్లున్న ఊరివాళ్ల బతుకులోకి మాత్రం తొంగి చూడదు. లిండా సంగతి మరీ అన్యాయం. నేల తుడుస్తూ, మారియో చేతికింద పిల్లిపిల్లలా పాకుతూ కనపడుతుంది. చివరికి లారీ మెట్టెక్కి పోవద్దంటే కిందికి తోసేస్తాడు. ఆమెకు ఈ పరదేశుల గురించి ఏం తోచిందో మనకు తెలియదు. దారి పొడవునా డ్రైవర్లు ఊరివాళ్లతో నిలిచి మాట్లాడిన సందర్భాలు దాదాపు లేవు. మామకు అదే అన్నిటికంటే వింత. “దారెట్లుందని ఎవర్నీ అడగకుండా కొత్త దారిలో లోడు తోలేది ఎట్లరా?” అన్నాడు.

ఈ లోపం నాకు అంతగా ఎందుకు తగిలిందో ఆలోచించాను. మొదట ఈ సినిమాను మన కథ అనుకుని చూశాను. పరాయి చోట ఉన్నవాళ్లు, మాట కోసం మొహం వాచినవాళ్లు అని. అది సగమే నిజం. లాస్ పియెద్రాస్ మనుషులు చిక్కుకున్నవాళ్లు. మనం పాతుకున్నవాళ్లం. మావాళ్లు ఈ నేలకు వచ్చింది నాయక రాజుల కాలంలో. మాకు తిరుగు టిక్కెట్టు లేదు, అక్కరా లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, రెండూ మావే. కాబట్టి ఈ సినిమాలో మనం వెతకాల్సింది మారియోలో మాత్రమే కాదు, ఆ దుమ్ములో మౌనంగా నిలబడిన ఊరివాళ్లలో కూడా. వాళ్ల మౌనాన్ని గుర్తించడానికి అటూ ఇటూ రెండు పక్కలా బతికిన కళ్లు కావాలి. ఆ కళ్లు మనకున్నాయి. గోడకు అంటించిన టిక్కెట్టునే దేశమనుకుంటే మాత్రం అవి మూసుకుపోతాయి.

సినిమాకు 1953లో కాన్‌లోనూ బెర్లిన్‌లోనూ అత్యున్నత బహుమతులు వచ్చాయి. అమెరికాలో విడుదల చేసినప్పుడు కంపెనీని తప్పుపట్టే భాగాలు చాలా కత్తిరించారు, అంటే పోయింది ఎక్కువగా ఆ మొదటి గంటే. మా మిత్రుడి కత్తెర కోరిక అక్కడ ముందే తీరిందన్నమాట. 1977లో విలియం ఫ్రీడ్‌కిన్ ‘సార్సరర్’ పేరుతో మళ్లీ తీసి, క్లూజోకే అంకితమిచ్చాడు. అందులో నలుగురూ ఎక్కడినుంచి ఎందుకు పారిపోయి వచ్చారో ముందే విడివిడిగా చూపిస్తాడు. తాళ్ల వంతెన మీద లారీ దాటే ఘట్టం అద్భుతం. కానీ గతమంతా చెప్పేశాక ఆ మనుషులు నేరస్థులవుతారు, ఆ ఊరు వాళ్లకు శిక్ష అవుతుంది. క్లూజో గతం చెప్పడు. ఒక టిక్కెట్టు చూపిస్తాడు. అందువల్ల అది శిక్ష కాదు, బతుకు. 2024లో ఫ్రెంచివాళ్లే మరోసారి తీశారు. పాతది ఉండగా అది చూడవలసిన పని లేదు.

మామ ఇప్పుడు లేడు. ఆ రాత్రి సినిమా అయ్యాక లేచి, నీళ్లు తాగి, “వాళ్లలో నిజమైన డ్రైవరు ఆ మేస్త్రీ ఒకడే” అని పడుకోబోయాడు. ఏ పుస్తకంలోనూ నాకు ఆ మాట కనపడలేదు. లుయీజీ ఒక్కడే పక్కవాడి కోసం కూడా తోలాడని ఆయన ఉద్దేశం అనుకుంటాను.

కత్తిరించని ప్రతి దొరికితే తప్పక చూడండి. వీలైతే లారీ తోలినవారు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్లేమన్నారో పత్రికకు రాస్తే నేనూ చదువుకుంటాను.